శిలలకు చోటు, చోటుకు చరిత్ర – అమరావతి శిల్పాలు మనకు నేర్పే పాఠం



ఆలయ ప్రాంగణంలో జరిగే ఉపన్యాసాలలో పురాణగాథలు, క్షేత్రమాహాత్మ్యాలు, మహాభక్తుల చరిత్రలు వినడం మనకు పరిపాటి. ఈనాటి ప్రసంగానికి మ్యూజియంలను విషయంగా స్వీకరించామంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. దేవాలయం పూజాస్థానం, మ్యూజియం పాతవస్తువులను దాచిపెట్టే కొట్టు, ఈ రెంటికీ సంబంధమేమిటని ప్రశ్నించేవారు మనలో లేకపోలేదు. అయితే మన దేశపు మ్యూజియంలలో నేడు కనిపించే శిలావిగ్రహాలలో, శిల్పఫలకాలలో అధికభాగం ఒకనాడు ఏదో ఒక ఆలయంలోనో, చైత్యంలోనో, విహారంలోనో వందనాలందుకున్నవే. అవి తమ స్థానాన్ని విడిచి ఎందుకు వెళ్లవలసి వచ్చినది? వెళ్లినచోట వాటి గతి ఏమైనది? ఎక్కడికీ వెళ్లకుండానే నశించినవి ఎన్ని? ఈ ప్రశ్నలు పూజాస్థానాలను నిర్వహించే మనకు సంబంధించినవే గదా!

దేశంలోని మ్యూజియంలన్నిటినీ గురించి చెప్పడం ఒక ప్రసంగంలో సాధ్యం కాదు. అందువల్ల ఒకే క్షేత్రాన్ని ఆధారం చేసుకొని ఈ విషయాన్ని విచారిద్దాం. ఆ క్షేత్రం అమరావతి. దాని శిల్పసంపద నేడు ముఖ్యంగా మూడు చోట్ల, అనగా అమరావతిలోని మ్యూజియంలో, చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ నగరంలోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఒకే కట్టడానికి చెందిన రాళ్లు ఇన్ని చోట్లకు ఎట్లా చేరినవో తెలుసుకుంటే మ్యూజియం అంటే ఏమిటో, దాని వలన కలిగే మేలేమిటో, లోపమేమిటో మనకు చక్కగా బోధపడుతుంది.

అమరేశ్వరుని చెంత మహాచైత్యం

కృష్ణానది దక్షిణతీరంలోని అమరావతి పంచారామాలలో ఒకటిగా, అమరేశ్వరస్వామి క్షేత్రంగా మనందరికీ సుపరిచితం. దానిని ఆనుకొని ఉన్న ధరణికోటయే ప్రాచీన ధాన్యకటకం. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్ది నాటికే ఇక్కడ బౌద్ధస్తూపానికి అంకురార్పణ జరిగినదని పండితుల అభిప్రాయం. శాతవాహనుల కాలంలో, ముఖ్యంగా క్రీస్తుశకం రెండవ శతాబ్దిలో, అది మహాచైత్యంగా విస్తరిల్లినది. సుమారు 50 మీటర్ల వ్యాసం గల గుండ్రని అండం, నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన ఆయక వేదికలు, ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభాలు, చుట్టూ ప్రదక్షిణపథం, ఆ పథానికి వెలుపల అణువణువూ శిల్పంతో నిండిన రాతి ప్రాకారం – ఇదీ దాని స్వరూపం.

ఇందుకు వాడిన రాయి పలనాటి సున్నపురాయి. చెక్కడానికి మెత్తగా ఉండి, మెరుగుపెడితే పాలరాతివలె నునుపుదేలే ఆ రాతిని చూచి పాశ్చాత్యులు దానిని పాలరాయి అనియే వ్యవహరించారు. ఆ రాతిలోని మెత్తదనం శిల్పి ఉలికి అనుకూలించినది. కానీ అది సున్నపురాయి కావడమే తరువాతి కాలంలో దానికి శాపమైనది. ఆ విషయం ముందు చూద్దాం.

ఈ మహాచైత్యం ఏ ఒక్క రాజో కట్టించినది కాదు. ఫలకాలపైన, స్తంభాలపైన బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో దాతల పేర్లు చెక్కబడి ఉన్నవి. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, రాజోద్యోగుల ఇంటి స్త్రీలు – ఇట్లా ఎందరో తలా ఒక ఫలకం, ఒక స్తంభం, ఒక కమ్మి సమర్పించారు. వారిలో విధికుడనే చర్మకారుడు ఒకడు. ఇతడు నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తన తల్లితోను, భార్యతోను, సోదరులతోను, కుమారుడైన నాగునితోను, కుమార్తెలతోను, బంధుమిత్రులతోను కూడి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేసినట్లు ఆ రాతిపై వ్రాయించుకొన్నాడు. కుమారునికి తన తండ్రి పేరే పెట్టుకొన్నాడని కూడా ఆ శాసనం వలననే మనకు తెలుస్తున్నది. రాజుల పేర్లు పురాణాలలో ఉంటవి, నాణేలమీద ఉంటవి. తోలుపని చేసి జీవించిన ఒక సామాన్యుని పేరు సుమారు రెండువేల సంవత్సరాలు నిలిచినదంటే అది ఆ రాతి చలువ. ఆ రాయి సున్నమై పోయి ఉంటే విధికుడు లోకంలో పుట్టినట్లే మనకు తెలిసేది కాదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజచిహ్నంలోని పూర్ణఘటం అమరావతి శిల్పరీతి నుండి గ్రహించినదేనని ఈ సందర్భంలో స్మరించుకోవాలి.

ఇంకొక విశేషం కలదు. బౌద్ధం క్షీణించిన తరువాత కూడా ఈ చైత్యం వెంటనే విస్మృతిలో పడలేదు. అమరేశ్వరాలయంలోని ఒక స్తంభంపై 1182 నాటి శాసనం ఉన్నది. అది కోట వంశీయుడైన కేతరాజు వేయించినది. ధాన్యకటకంలో అమరేశ్వరుడు వెలసియున్నాడని, ఆ చెంతనే విచిత్రశిల్పాలతో అలరారే మహోన్నతమైన బుద్ధచైత్యం ఉన్నదని అందులో వర్ణించబడినది. శివభక్తులైన ఆ వంశపు రాజు బుద్ధదేవునికి గ్రామాలను, అఖండదీపాలను సమర్పించాడు. 1234లో మరొకమారు దీపదానం జరిగినది. 1344 నాటి సింహళ శాసనమొకటి ధాన్యకటకంలోని ప్రతిమాగృహాన్ని ధర్మకీర్తి అనే స్థవిరుడు బాగుచేయించినట్లు చెబుతున్నది. ఆ తరువాత నాలుగువందల ఏండ్లకు పైగా మౌనం. ఇటుకలు కూలినవి, మట్టి కప్పినది, మహాచైత్యం ఒక దిబ్బయై ఊరివారి నోట దీపాలదిన్నె అయినది. ఆ పేరు వినగానే శివాలయ స్తంభంమీది ఆ దీపదానాలు మనకు గుర్తుకు రాక మానవు.

తెలియనితనం చేసిన చేటు

పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశకంలో చింతపల్లి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ రాజధానిని అమరావతికి మార్చారు. వారు మహాదాత. మంగళగిరి నరసింహస్వామి ఆలయానికి పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించినది వారే. అమరేశ్వరాలయాన్ని ఉద్ధరించినదీ వారే. కొత్త పట్టణం కట్టడానికి ఇటుక, రాయి కావలసి వచ్చినవి. ఊరి దాపుననే ఉన్న దిబ్బను త్రవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, తెల్లని రాతిఫలకాలు బయటపడినవి. నిక్షేపం దొరుకుతుందన్న ఆశతో మరికొంత త్రవ్వారు. ఇటుకలు ఇండ్లకు పోయినవి. ఫలకాలు కొన్ని శివగంగ చెరువు మెట్లకు, కొన్ని ఇతర కట్టడాలకు పోయినవి. అనేకం సున్నపు బట్టీలలోకి పోయినవి. సున్నపురాయిని కాల్చితే సున్నం వస్తుంది. గానుగపట్టిన సున్నం లేనిదే ఆ కాలంలో గోడ లేదు, గచ్చు లేదు. ఎదురుగా సిద్ధంగా ఉన్న తెల్లరాయిని కూలివాడు బట్టీలో వేశాడు. దానిమీద ఏమి చెక్కి ఉన్నదో చూడమని అతనికి చెప్పినవారు లేరు.

ఇందుకు ఎవరిని నిందించగలం? బ్రాహ్మీలిపిని చదవగలిగినవారు ఆనాడు ప్రపంచంలో ఒక్కరూ లేరు. జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిరహస్యాన్ని విప్పినది 1837లో. అది బౌద్ధస్తూపమని కూడా ఎవరికీ తెలియదు. ఇది ద్వేషంతో జరిగిన విధ్వంసం కాదు. ఆలయాలు కట్టించే భక్తుల చేతులమీదుగానే, కేవలం తెలియక జరిగిన నష్టం. ఈ మాటను మనం మనస్సులో గట్టిగా నిలుపుకోవాలి. శత్రువును గోడ కట్టి ఆపవచ్చును. తెలియనితనాన్ని ఆపడానికి తెలుసుకోవడం తప్ప వేరు మార్గం లేదు.

1798లో కర్నల్ కాలిన్ మెకంజీ ఈ దిబ్బను మొదటిసారి చూశాడు. ఈయన కుంపిణీ సైన్యంలో భూమికొలతల అధికారి. కైఫీయతుల సేకర్తగా తెలుగువారికి చిరపరిచితుడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యగార్లు ఆయన పరిశోధనకు కన్నులై, నాలుకయై తోడ్పడ్డారు. మెకంజీ ఈ శిల్పాలు జైనులవని తలచాడు. అయినప్పటికీ అవి అమూల్యమని గ్రహించాడు. 1816లో, భారతదేశ సర్వేయర్ జనరల్ హోదాలో, చిత్రకారులను వెంటబెట్టుకొని మరల వచ్చేసరికి దిబ్బ నడుమ భాగం త్రవ్వి చెరువు చేయబడి ఉన్నది. మొదట చూసిన రాళ్లలో అనేకం కనబడలేదు. మిగిలినవాటినైనా దక్కించుకోవాలని ఆయన వాటిని కొలతలతో సహా చిత్రింపజేశాడు. 1816 మొదలు 1819 వరకు సిద్ధమైన ఎనభైకి పైగా చిత్రాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నవి. ఆ చిత్రాలలో ఉండి, రాయి మాత్రం నేడెక్కడా కానరాని ఫలకాలు కొన్ని కలవు. అనగా రాయి పోయినది, కాగితం మిగిలినది. ఆ కాగితమే లేకుంటే ఆ రాయి ఉండేదన్న సంగతి కూడా పోయేది.

ఎండకు ఎండి, సముద్రం దాటి

1845లో గుంటూరులో కమీషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ మరికొంత త్రవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసుకు పంపించాడు. అక్కడ అవి చాలాకాలం ఆరుబయట ఎండకు, వానకు పడి ఉన్నవి. మద్రాసు మ్యూజియం ఏర్పడినది 1851లో. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే ఛాయాగ్రాహకుడు ఆ శిల్పాలకు ఛాయాచిత్రాలు తీశాడు. 1859లో నూటికి పైబడిన శిల్పాలు ఓడనెక్కి లండన్ చేరినవి. చేరిన తరువాతనైనా వాటికి గౌరవం లభించినదా అంటే, లేదు. వాటికి సరియైన చోటు చూపలేక గుర్రపుబండ్ల కొట్టంలో పెట్టారు. 1867లో పారిస్ ప్రదర్శనకోసం వస్తువులను వెదకుతూ వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని అక్కడ గుర్తించాడు. మరుసటి సంవత్సరం ఆయన ప్రకటించిన గ్రంథం వలన అమరావతి పేరు పాశ్చాత్య పండితలోకంలో మారుమ్రోగినది. 1880లో ఆ శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి చెందినవి. అక్కడ కూడా అవి ఇరవయ్యవ శతాబ్దిలో కొన్ని దశాబ్దాలపాటు నగర వాయుకాలుష్యానికి వెరచి నిల్వగదులలో ఉంచబడి, 1992లో గాజుగోడల ప్రత్యేకశాలలో మరల దర్శనమిచ్చినవి.

ఇక్కడ అమరావతిలో 1877లో రాబర్ట్ సీవెల్ త్రవ్వకం సాగించాడు. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిబ్బ మొత్తాన్నీ ఒక్కమారుగా త్రవ్వి ఖాళీచేశారు. రాయి దొరికినది కానీ, ఏ రాయి ఏ పొరలో, దేని ప్రక్కన, ఏ దిక్కుకు ముఖం చేసి పడి ఉన్నదో వ్రాసి ఉంచినవారు లేరు. సద్బుద్ధితో చేసిన ఈ పని సున్నపు బట్టీలకు తీసిపోని నష్టం చేసినది. బట్టీ రాతిని కాల్చినది. తొందరపాటు రాతికీ చోటుకూ ఉన్న సంబంధాన్ని కాల్చినది. 1881–82లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉండవలసిన చోట పెద్ద గొయ్యి మిగిలి ఉన్నది. ఆయన మిగిలిన శిల్పాలను పరిశీలించి, శాసనాలను చదివించి, మేలైనవాటిని మద్రాసుకు తరలించాడు. 1887లో ఆయన ప్రకటించిన గ్రంథం నేటికీ పరిశోధకులకు ఆధారం.

ఆ సమయంలోనే ఒక చర్చ నడచినది. ప్రాచీన కట్టడాల సంరక్షణాధికారిగా ఉన్న హెచ్. హెచ్. కోల్, శిల్పాలను వాటి స్థానంలోనే ఉంచి కాపాడాలని వాదించాడు. అక్కడ ఉంచితే నశిస్తవి, పట్టణానికి తరలించడమే క్షేమమని బర్జెస్ పక్షం. బర్జెస్ మాటయే చెల్లినది. సున్నపు బట్టీల చరిత్ర ఎదుట ఉండగా ఆయన భయాన్ని తప్పు అనలేం. అయినా రాయి తన నేలమీద నిలిచి ఉంటేనే సంపూర్ణంగా మాట్లాడుతుందన్న కోల్ మాటలోని సత్యాన్ని కాదనలేం. నూటనలభై ఏండ్లు గడచినా మ్యూజియంల విషయంలో మూలప్రశ్న ఇదే.

మూడు ఇండ్లలో ఒక కుటుంబం

మద్రాసు మ్యూజియానికి చేరిన శిల్పాలకు అదృష్టవశాత్తు యోగ్యుడైన వ్యాఖ్యాత లభించాడు. సి. శివరామమూర్తిగారు సంస్కృత సాహిత్యంలోను, శిల్పశాస్త్రంలోను సమానమైన అధికారం కలవారు. 1942లో వారు ప్రకటించిన అమరావతి శిల్పాల గ్రంథం ప్రతి ఫలకాన్నీ, ప్రతి ఆభరణాన్నీ, ప్రతి కథనూ గుర్తించి చెప్పినది. మదించిన నాలగిరి ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చి బుద్ధుని పాదాల ముందు మోకరిల్లే దృశ్యం చెక్కిన గుండ్రని ఫలకం అక్కడనే ఉన్నది. భయపడి పరుగెత్తేవారు, మేడమీది గవాక్షాల నుండి చూసే స్త్రీలు, కరుణామూర్తి ఎదుట శాంతించిన గజం – ఇవన్నీ ఒకే వలయంలో ఇమిడి ఉండడం ఆంధ్రశిల్పి ప్రతిభకు తార్కాణం.

లండన్‌లో ఉన్నవాటిలో రెండువైపులా శిల్పం గల ఒక ఫలకం మిక్కిలి విలువైనది. ఒకవైపు బోధివృక్షం, దాని క్రింద శూన్యాసనం, చుట్టూ భక్తులు. ఇది బుద్ధుని మానవరూపంలో చూపని ప్రాచీనకాలపు పని. కొన్ని శతాబ్దాల తరువాత శిల్పులు అదే రాతిని త్రిప్పి, రెండవవైపు స్తూపాన్ని సంపూర్ణంగా చెక్కి అమర్చారు. ఒకే రాతిలో మూడు నాలుగు వందల ఏండ్ల మతచరిత్ర ఉన్నదన్నమాట. ఇటువంటి ఫలకాలమీద శిల్పి చెక్కిన స్తూపచిత్రాలు మిగిలినందుననే, నేడు నేలమట్టమైన మహాచైత్యం ఒకనాడు ఎట్లా ఉండేదో ఊహించగలుగుతున్నాం.

అమరావతిలోని మ్యూజియం ఈ రెండింటికంటె చిన్నది. స్వాతంత్ర్యం తరువాత 1958–59లోను, 1973–75లోను పురావస్తుశాఖ పద్ధతిగా జరిపిన త్రవ్వకాలు స్తూపచరిత్రకు కొత్త ఆధారాలు సమకూర్చినవి. పరిమాణంలో చిన్నదైనా ఈ మ్యూజియానికి ఉన్న భాగ్యం లండన్‌కు గానీ, చెన్నైకి గానీ లేదు. ఫలకాన్ని చూచి బయటకు వచ్చి నాలుగడుగులు వేస్తే ఆ ఫలకం నిలిచిన స్తూపపు నేల కనబడుతుంది. ఆవల కృష్ణమ్మ, అమరేశ్వరుని గోపురం కనబడుతవి. పిల్లవానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. తన తాతల ఊరిలో, తాను నడచే దారిలో, ఇంతటి శిల్పం పుట్టినదని వాడు స్వయంగా గ్రహిస్తాడు.

దూరాన ఉన్న శిల్పాలన్నీ తిరిగి స్వస్థలానికి రావాలని కోరేవారు పలువురు ఉన్నారు. ఆ కోరికలో న్యాయం ఉన్నది. దాని చట్టపు మంచిచెడ్డలు ప్రభుత్వాలు తేల్చవలసినవి. మేము మీ ఎదుట ఉంచదలచినది వేరొక విషయం. రేపు మూడు చోట్ల ఉన్న రాళ్లన్నీ ఒకేమారు అమరావతికి వచ్చాయనుకుందాం. వాటిలో చాలావాటిని మరల యథాస్థానంలో నిలుపగలిగినవారెవరు? ఏ రాయి ఎక్కడిదో వ్రాసిపెట్టనందువలన ఆ సమాచారం శాశ్వతంగా పోయినది. ఓడనెక్కిన రాయి మరల ఓడనెక్కి రావచ్చును. పోయిన చోటుగుర్తు మాత్రం తిరిగి రాదు. అమరావతి నేర్పే పాఠం ఇదే.

పాఠం నేర్చిన చోటు – నాగార్జునకొండ

ఈ పాఠాన్ని మనవారు నేర్చుకొన్నారనడానికి అదే కృష్ణాతీరంలో ఒక నిదర్శనం ఉన్నది. పలనాటి కొండల నడుమ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు అడవిలో మరుగుపడి ఉండగా, మాచర్లకు చెందిన ఉపాధ్యాయుడు సూరపరాజు వేంకటరామయ్యగారు అక్కడి ప్రాచీనస్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేశారు. 1926లో శాసనశాఖలో తెలుగు సహాయకులైన సరస్వతిగారు వచ్చి చూశారు. ఒక బడిపంతులు తాను చూచిన రాతిని ఉపేక్షింపక తెలియపరచినందువలన ఒక మహానగరం వెలుగులోకి వచ్చినది.

తరువాత నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగినది. లోయ అంతా జలమయం కావలసి ఉన్నది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వంలో పురావస్తుశాఖవారు లోయను విభాగాలుగా పంచి, అడుగడుగునా త్రవ్వి, కొలిచి, చిత్రించి, వందకు పైగా కట్టడాలను గ్రంథస్థం చేశారు. ముఖ్యమైనవాటిని ఇటుక ఇటుకగా, రాయి రాయిగా విప్పి కొండపైన, అనుపువద్ద పునర్నిర్మించారు. ఆ కొండ నేడు జలాశయం నడుమ ద్వీపం. దానిమీద ఉన్న మ్యూజియానికి పడవలో వెళ్లవలెను. అశ్వమేధయాజి అయిన శాంతమూలుని కుటుంబస్త్రీలు బౌద్ధచైత్యానికి చేసిన దానాలు, అదే లోయలో వెలసిన కార్తికేయాది దేవతల ఆలయాలు, అన్నీ ఏ చోటివో గుర్తులతో సహా మనకు దక్కినవి. నేల మునిగినా చరిత్ర మునగలేదు. ఇదే విధంగా శ్రీశైలం జలాశయంలో మునగవలసిన కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. అలంపుర చరిత్రను తెలుగువారికి తెలియజెప్పడంలో గడియారం రామకృష్ణశర్మగారి కృషి చిరస్మరణీయం. రాజమహేంద్రవరంలోని మ్యూజియం రాళ్లబండి సుబ్బారావుగారి పేరుతో వెలసి ఉండడం కూడా స్థానిక పండితుల సేవకు దక్కిన గౌరవమే.

వ్రాతయే కావలి

వ్రాసి ఉంచడం చరిత్రకారుల ముచ్చట మాత్రమేనని తలచరాదు. అది దొంగకు అడ్డుపడే తలుపు కూడా. తమిళనాడులోని శ్రీపురందాన్ గ్రామపు శివాలయంలో చోళుల నాటి నటరాజ కాంస్యమూర్తి ఉండేది. 2006లో అది అపహరణకు గురియైనది. 2008లో ఆస్ట్రేలియా జాతీయ కళామందిరం దానిని భారీ మూల్యానికి కొన్నది. అయితే పుదుచ్చేరిలోని ఫ్రెంచి సంస్థవారు 1994లో ఆ విగ్రహానికి ఆలయంలోనే ఛాయాచిత్రం తీసి ఉంచారు. ఆ ఛాయాచిత్రం సాక్ష్యం చెప్పినది. 2014లో స్వామి స్వదేశానికి తిరిగివచ్చాడు. మన ఆంధ్రదేశంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధస్థలానికి చెందిన ఒక శిల్పఫలకాన్ని కూడా అదే కళామందిరం 2016లో మనకు తిరిగి అప్పగించినది. ఛాయాచిత్రం లేక, జాబితా లేక, కొలతలు లేక పోయిన విగ్రహాలను మనవని నిరూపించడం ఎట్లా?

మన పెద్దలకు ఈ జాగ్రత్త తెలియనిది కాదు. తాళ్లపాకవారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయంలోని భాండారంలో శతాబ్దాలపాటు భద్రంగా ఉన్నవి. 1920 దశకంలో పండితుల దృష్టికి రావడం వలన అన్నమాచార్యులవారు మనకు మరల లభించారు. ఆలయమే ఆ గ్రంథానికి మ్యూజియంగా నిలిచినది.

మన కర్తవ్యం

అందువల్ల ఆలయాలకు సంబంధించిన మనమందరం ఆచరించదగిన కొన్ని విషయాలను సవినయంగా మనవి చేస్తున్నాం. జీర్ణోద్ధరణ మహాపుణ్యకార్యమని పెద్దలంటారు. అయితే ఉద్ధరణ పేరుతో పాత శాసనస్తంభాన్ని పగులగొట్టి పునాదిలో వేయడం ఉద్ధరణ కాదు. శాసనాలమీద సున్నం, రంగు పూయరాదు. ఇసుకను యంత్రంతో చిమ్మి రాతిని శుభ్రపరచే పద్ధతి శిల్పపు నునుపును, అక్షరాల అంచులను తినివేస్తుంది. దానిని దరిచేరనీయరాదు. పని ప్రారంభించక ముందే ఆలయంలోని ప్రతి విగ్రహానికి, ప్రతి స్తంభానికి, ప్రతి శాసనానికి ఛాయాచిత్రాలు తీయించి, కొలతలు వ్రాయించి, ఏ గోడకు ఏ దిక్కున ఉన్నదో గుర్తు పెట్టించి, ఒక ప్రతిని ఆలయంలోను, మరొక ప్రతిని వేరొక భద్రమైన చోటను ఉంచాలి. నేడు చేతిలోని ఫోనుతోనే ఈ పని ఒక పూటలో జరుగుతుంది. మెకంజీ చిత్రకారులు ఏండ్ల తరబడి శ్రమించవలసి వచ్చినది.

పొలం దున్నుతుండగానో, బావి త్రవ్వుతుండగానో పాతరాయి, విగ్రహం, రాగిరేకు, నాణెం బయటపడితే దాచిపెట్టరాదు, అమ్మరాదు, తొందరపడి కదల్చనూ రాదు. నిక్షేపాలను గురించి 1878 నుండి, పురావస్తువులను గురించి 1972 నుండి మన దేశంలో చట్టాలు ఉన్నవి. గ్రామాధికారి ద్వారా కలెక్టరుకు, పురావస్తుశాఖకు తెలియజేయడం మన ధర్మం. దొరికిన చోటును ముందుగా గుర్తించి వ్రాయండి. రాయి ఎంత విలువైనదో, అది దొరికిన చోటు కూడా అంతే విలువైనది.

చివరిగా, తీర్థయాత్రకు వెళ్లినప్పుడు స్వామి దర్శనం తరువాత ఆ ఊరి మ్యూజియంలో ఒక గంట గడపండి. పిల్లలను వెంట తీసుకొనిపోయి, ఈ ఫలకం ఇచ్చినవాడు రాజు కాదు, చర్మకారుడైన విధికుడు అని, ఈ చైత్యానికి దీపం పెట్టించినవాడు శివభక్తుల ఇంటివాడైన కేతరాజు అని చెప్పండి. చూచేవారు లేని మ్యూజియంలో రాయి భద్రంగా ఉంటుంది గానీ మూగగా ఉంటుంది. తెలిసిన చేయి రాతిని బట్టీలో వేయదు. అట్టి తెలిసిన చేతులను తరువాతి తరానికి తయారుచేసి ఇవ్వడమే మ్యూజియంకు గానీ, ఆలయానికి గానీ, మనకు గానీ మిగిలిన పని.

ఎవరెవరో దాతలు, పేరు చెప్పుకోని ఎందరో శిల్పులు మనకు అప్పగించిన ఈ సొత్తును చెక్కుచెదరకుండా ముందుతరాలకు అందించే శక్తిని, శ్రద్ధను భగవంతుడు మనకు ప్రసాదించుగాక!

స్వస్తి.